ఖాళీగా ఉన్న గదే ముందు పాడవుతుంది

సంపాదకులకు,

ఆర్యా,

సెలవులు దగ్గరపడగానే పత్రికల్లో సముద్రతీర విడుదుల మీద వ్యాసాలు మొదలవుతాయి. వాటిలో ఒక సలహా తప్పకుండా కనిపిస్తుంది: కొన్నేళ్ల కిందట మీకు నచ్చిన చిన్న, ప్రశాంతమైన హోటల్ ఏదైనా ఉంటే మళ్లీ అక్కడికే వెళ్లండి, మనసు కుదుటపడుతుంది అని. సలహా మంచిదే. వెళ్లేముందు ఏం కనుక్కోవాలో, గదిలో అడుగుపెట్టాక మొదటి అరగంటలో ఏం చూసుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. తీరాన కట్టిన భవనాల్లో నీళ్లు, కరెంటు, ఏసీలు, సివిల్ పనులు చూసేవాళ్లకు రోజూ ఎదురయ్యే సంగతులే ఇవి. మీ పాఠకులకు పనికొస్తాయని రాస్తున్నాం.

జనం లేకపోవడాన్ని వెళ్లేవాళ్లు ప్రశాంతత అంటారు. భవనానికి మాత్రం అది జబ్బు. రోజూ మనుషులు మసలే గదిలో కుళాయి తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, ఏసీ నడుస్తుంది, ఏదైనా చెడితే ఆ పూటే ఎవరో ఒకరు కిందికి ఫోన్ చేసి చెబుతారు. నెలకు రెండు రాత్రులు నిండే గదిలో ఇవేవీ జరగవు. ఉప్పుగాలి మాత్రం ఒక్కరోజు కూడా సెలవు తీసుకోదు. ఏళ్ల తర్వాత మీరు వెళ్లేసరికి గోడలకు కొత్త రంగు ఉండవచ్చు. చెడినదంతా ఆ రంగు వెనక ఉంటుంది.

బుక్ చేసే ముందు ఫోన్లో అడగాల్సినవి నాలుగే. యాజమాన్యం అదేనా, మారిందా? బోర్డు మీద పేరు పాతదే ఉండి లోపల మనుషులు, పద్ధతులు అన్నీ మారిపోవడం ఈ వ్యాపారంలో మామూలే. ఇప్పుడు ఎన్ని గదులు తిరుగుతున్నాయి? ఇరవై గదుల్లో ఆరే నడుస్తున్నాయంటే మీకిచ్చేది ఆ ఆరింటిలోదా, మీకోసం తాళం తీసే ఏడోదా అన్నది తేల్చుకోవాలి. నీళ్లు ఎక్కడివి, బోరువా, ట్యాంకరువా? పోటు పూర్తిగా వచ్చినప్పుడు నడవడానికి ఇసుక మిగులుతోందా? ఈ చివరి ప్రశ్నకు ‘సముద్రం ఎదురుగానే ఉందండీ’ అన్న జవాబు వస్తే ఇసుక లేదనే అర్థం.

గది ఖాయమయ్యాక, మీరు రావడానికి రెండు రోజుల ముందే దాన్ని తెరిచి పెట్టమని అడగండి. మధ్యాహ్నం పొడిగా ఉన్న వేళ కిటికీలు తీయడం, పరుపును ఒక పక్కకు నిలబెట్టడం, బీరువా తలుపులు బార్లా వదిలేయడం, ఏసీని డ్రై మోడ్‌లో రెండు గంటలు నడపడం, గీజరును పూర్తిగా కాగనిచ్చి ప్రతి కుళాయినీ ఐదు నిమిషాలు వదలడం, నేల మీది ప్రతి డ్రెయిన్‌లో ఒక మగ్గు నీళ్లు పోయడం. మనిషి చేతిపని అరగంటకు మించదు. సరిగా నడిచే హోటల్‌వాళ్లు అది మేం ఎప్పుడూ చేసేదే అంటారు. అడిగినందుకు విసుక్కునే చోట మిగతా పనులు కూడా అలాగే ఉంటాయి.

ఇక గదిలోకి. తలుపు తీయగానే వచ్చే వాసనలో సగం సమాచారం ఉంటుంది. మురుగు వాసన వేరు, ముక్కిన వాసన వేరు. బాత్రూమ్ నుంచి మురుగు వాసన వస్తుంటే పైపు పగిలిందని కంగారుపడనక్కర్లేదు. నేల జాలీ కింద, వాష్‌బేసిన్ కింద వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది. అందులో నిలిచే సుమారు 50 మిల్లీమీటర్ల నీరే మురుగు గొట్టంలోని గాలికి, బొద్దింకలకు అడ్డుగోడ. గది వాడకపోతే కొన్ని వారాల్లో ఆ నీరు ఆవిరైపోతుంది. ప్రతి జాలీలో లీటరు నీళ్లు పోసి, తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పావుగంట తిప్పితే వాసన పోవాలి. పోకపోతే అసలు ట్రాప్ పెట్టలేదనో, పైకి పోయే వెంట్ పైపు మూసుకుపోయిందనో అనుకోవాలి, గది మార్చమనండి. సీజన్ కాని రోజుల్లో గది మూసేసే హోటల్‌వాళ్లకు ఒక చిట్కా: ట్రాప్ నిండా నీళ్లు పోశాక పైన ఒక చెంచా నూనె వేస్తే ఆవిరయ్యే వేగం బాగా తగ్గుతుంది.

ముక్కిన వాసన చెమ్మది, బూజుది. దీనికి అసలు కారణం ఉప్పే. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో తేలుతూ వచ్చి కర్టెన్ల మీద, పరుపు మీద, గోడ మీద ఉప్పుగా మిగులుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం లవణాలైతే అంతకంటే చాలా ముందే తడిబారతాయి. తీరంలో ఉతికి ఆరేసిన దుప్పటి కూడా రాత్రికి చల్లగా, జిడ్డుగా తగలడం అందుకే. సముద్రంలో తడిసిన తువ్వాలును మంచినీళ్లలో జాడించకుండా ఆరేస్తే అది ఎన్ని గంటలు ఎండలో ఉన్నా పూర్తిగా ఆరదు. గది పరిశీలించడానికి దుప్పటి చూసి లాభం లేదు, దాన్ని ఉదయమే మార్చి ఉంటారు. బీరువా వెనక పలక, పరుపు అడుగు, కర్టెన్ల పైఅంచు, బయటి గోడకు ఆనించిన మంచం తలవైపు చెక్క వెనక భాగం చూడండి. నల్లని చుక్కలు ఉంటే ఆ గదిలో గాలి ఆడటం లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు అక్కడ పడుకోకూడదు. సుగంధం చల్లి వాసనను కప్పేసిన గదులు ఉంటాయి. పది నిమిషాలు బయటికెళ్లి తిరిగి వస్తే అసలు వాసన తెలిసిపోతుంది. పరుపు అడుగు చూస్తున్నప్పుడే దాని కుట్ల వెంట నల్లుల ఆనవాళ్లు కూడా చూసుకోండి. నల్లి నెలల తరబడి తిండి లేకుండా బతుకుతుంది కాబట్టి గది ఖాళీగా ఉందన్న మాట దాని విషయంలో భరోసా కాదు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నిలవ నీటిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో ‘అమెరికన్ లీజియన్’ అనే సంఘం సమావేశానికి వెళ్లిన మాజీ సైనికులు వరసగా న్యుమోనియా బారిన పడి మరణించినప్పుడు మొదట దీని జాడ తెలిసింది. పేరు కూడా అలా వచ్చిందే. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీరు దానికి అనుకూలం. 60 డిగ్రీల దగ్గర బతకలేదు. తాగితే వచ్చే జబ్బు కాదిది. షవర్ నుంచి లేచే సన్నని తుంపరను పీలిస్తే వస్తుంది. కరెంటు ఆదా కోసం గీజరును 40 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేయడం, మబ్బు రోజుల్లో మిద్దె మీది సోలార్ ట్యాంకు గోరువెచ్చగా ఉండిపోవడం, వారాల తరబడి ఎవరూ తిప్పని షవర్, ఈ మూడూ కలిస్తే దానికి కావాల్సిన ఏర్పాటంతా అయినట్టే.

గదిలో దిగినవాళ్లు చేయగలిగిన పని చిన్నది. గీజరు పూర్తిగా కాగాక షవర్ తలను బకెట్లో కిందికి దించి, లేదా ఒక గుడ్డ చుట్టి, వేడినీళ్లు ఐదు నిమిషాలు, తర్వాత చన్నీళ్లు ఐదు నిమిషాలు వదలండి. ఆ సమయంలో మీరు బాత్రూమ్ బయట ఉండాలి. షవర్ తల విప్పదగినదైతే లోపలి తెల్లని పొరనూ జిగురునూ కడిగేయించండి. బ్యాక్టీరియా దాక్కునేది ఆ పొరలోనే. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి కాబట్టి పిల్లలను దూరంగా ఉంచండి. యాభై దాటినవాళ్లకు, పొగతాగేవాళ్లకు, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇంటికి చేరాక రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే హోటల్లో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. న్యుమోనియాకు వాడే పెన్సిలిన్ వర్గం మందులు దీనిమీద పనిచేయవు. మూత్ర పరీక్షతో దీన్ని పట్టుకోవచ్చు, కానీ అనుమానం వస్తేనే కదా ఆ పరీక్ష రాసేది.

బోరు నీళ్లు కూడా ఏళ్లలో మారిపోతాయి. తీరంలో భూగర్భ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు 40 మీటర్ల మేర మంచినీరే ఉంటుందని గైబెన్–హెర్జ్‌బర్గ్ లెక్క. అదే లెక్కను తిరగేస్తే, పంపులు లాగి పైమట్టం ఒక్క మీటరు దిగితే కింద ఉప్పునీరు 40 మీటర్ల దాకా పైకి వచ్చే వీలుంది. మీరు వెళ్లని ఆ నాలుగైదేళ్లలో చుట్టుపక్కల మరికొన్ని విడుదులు వచ్చి, ప్రతిదీ ఒక బోరు వేసి ఉంటే, ఒకప్పుడు తియ్యగా ఉన్న నీరు ఇప్పుడు అలా ఉండదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మంచినీటిలో అది ఒక్క శాతం కలిసినా లీటరుకు 350 మిల్లీగ్రాములు పెరుగుతాయి. మూడు శాతానికే నీరు నోట పెట్టలేం. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు, జేబులో పట్టేది, తీసుకెళ్తే చాలు. అది లేకపోతే సబ్బు చూడండి: నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తేలితే నీరు చెడినట్టే. అలాంటి నీటికి గీజరు లోపలి మెగ్నీషియం కడ్డీ ఏడాది రెండేళ్లలోనే కరిగిపోతుంది. దాన్ని మార్చకపోతే ఆ తర్వాత కరిగేది గీజరు ట్యాంకే; కుళాయిలో మొదట వచ్చే ఎర్రనీళ్లు అవే.

ఏసీ దగ్గర చాలామంది చల్లగాలి వస్తోందా లేదా అని మాత్రం చూస్తారు. గది లోపలి యూనిట్‌లోకి వెళ్లే గాలికి, బయటికి వచ్చే గాలికి మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. నడవడం మొదలైన పావుగంట తర్వాత చిన్న థర్మామీటరుతో రెండుచోట్లా చూస్తే తెలుస్తుంది. తీరంలో ఈ తేడా తగ్గడానికి అన్నిటికంటే పెద్ద కారణం బయటి యూనిట్ రెక్కలు. రాగి గొట్టాల మీద సన్నని అల్యూమినియం రేకులు బిగించి ఉంటాయి. రెండు వేర్వేరు లోహాల మధ్యకు ఉప్పుతడి చేరితే అల్యూమినియం తనను తాను తినేసుకుంటుంది. కొన్నేళ్లలో ఆ రేకులు ముట్టుకుంటే బూడిదలా రాలతాయి. నీలం పూత ఉన్నవి కొంత ఎక్కువ కాలం నిలుస్తాయి, అంతే. నెలకోసారి మంచినీళ్లతో మెల్లగా కడిగితే ఆయుష్షు పెరుగుతుంది. ప్రెషర్ పంపుతో కొడితే రెక్కలు వంగి గాలే ఆడదు. లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతుంటే ముందు మూత తీసి చూడమనండి: మంచు కట్టి ఉంటే గ్యాస్ తక్కువైంది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది, మంచు లేకుండా కారితే డ్రెయిన్ పైపులో నాచు పేరుకుంది. బయటి యూనిట్‌ను మోస్తున్న ఇనుప బ్రాకెట్ పొరలు పొరలుగా తుప్పు లేస్తుంటే దాని కింద కుర్చీ వేసుకుని కూర్చోకండి.

స్విచ్‌బోర్డుల మీద పేరుకునే ఉప్పు రాత్రి తేమకు తడిసి కరెంటును పాకిస్తుంది. ప్లగ్గు పెడితే చిటపటమనడం, బోర్డు వెచ్చబడటం దాని గుర్తులు. ఇంకో గుర్తు ఉంది, అదే మోసం చేసేది. వైర్లు వేడెక్కి స్విచ్‌ల ప్లాస్టిక్ కాగితే కొన్నిసార్లు చేపల వాసన వస్తుంది. సముద్రం పక్కన చేపల వాసనను ఎవరు పట్టించుకుంటారు? అది బోర్డు దగ్గర ఎక్కువై, కిటికీ దగ్గర తక్కువైతే వెంటనే మెయిన్ ఆపించాలి. బాత్రూమ్ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా అని అడగండి, సిబ్బంది చేత టెస్ట్ బటన్ నొక్కించండి. నొక్కగానే ఠక్కుమని పడాలి. నెలల తరబడి కదలని ఈఎల్‌సీబీ లోపల బిగుసుకుపోయి పడకపోవచ్చు. అలా అయితే ఆ గదిలో గీజరు వేయకూడదు. పైకప్పుకు ఉన్న పొగ అలారం మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది, పదేళ్లు దాటినది అలంకారానికే పనికొస్తుంది.

బాల్కనీ గురించి భయపెట్టాలని కాదు గానీ తెలియక కాలు పెట్టేది అక్కడే ఎక్కువ. కాంక్రీటులోకి ఉప్పు దిగి లోపలి చువ్వలను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు చీలి పెచ్చులు ఊడతాయి. అందుకే తుంపర తగిలే చోట చువ్వల మీద కనీసం 50 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కవరు ఉంచుతారు. పాత చిన్న హోటళ్లలో అందులో సగం కూడా ఉండదు. చాలామంది బాల్కనీ అడుగుభాగం చూసి బాగుందంటారు. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలో బరువు మోసే ప్రధాన చువ్వలు పైభాగంలో, మీరు నిలబడే టైల్స్ కిందే ఉంటాయి. కింద నున్నగా ఉన్నా పైన చెడి ఉండవచ్చు. గోడకు సమాంతరంగా, బాల్కనీ మొదలయ్యే చోట టైల్స్ సందు తెరుచుకోవడం, నీళ్లు పోస్తే డ్రెయిన్ వైపు కాకుండా బయటి అంచు వైపు పోవడం చూస్తే ఒక్కరు కూడా అక్కడ నిలబడకండి. కొత్త రంగు కింద అతుకులు ఉన్నాయేమోనని అనుమానం వస్తే నాణెంతో తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, ఊడినది డొల్లగా పలుకుతుంది.

రెయిలింగుల్లో స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పుకునేవి రెండు రకాలు. 304 రకం తీరంలో టీ మరకల్లాంటి గోధుమ రంగు మచ్చలు వేస్తుంది. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండటంతో చాలావరకు తట్టుకుంటుంది. పైపు మీది మచ్చలు చూడటానికి బాగోవు తప్ప వెంటనే ప్రమాదం కాదు. ప్రమాదం స్తంభం నేలకు తగిలేచోట, బిళ్ల కింద, బోల్టుల దగ్గర ఉంటుంది. అక్కడ నిలిచే నీరు ఆరదు. రెండు పాదాలూ లోపలే గట్టిగా ఉంచి, శరీరం ఆనించకుండా చేత్తో కదిపి చూడాలి. పిల్లలతో వెళ్తే మరొకటి: పాత రెయిలింగుల్లో అడ్డకడ్డీలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. నిలువు కడ్డీలైతే వాటి సందు 100 మిల్లీమీటర్లు మించకూడదు.

ఈత కొలను చెంత ఒక్క పరీక్ష చాలు: లోతైన చోట అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ పైనుంచి స్పష్టంగా కనిపించాలి, అది బిగించి ఉండాలి. కనిపించకపోతే దిగొద్దు. ఘాటైన క్లోరిన్ వాసన శుభ్రతకు గుర్తనుకుంటారు. అది క్లోరిన్ మురికితో కలిసి చెడినందుకు వచ్చే వాసన.

అసలు జ్ఞాపకం మనల్ని మోసం చేసేది సముద్రం దగ్గర. ‘ఇక్కడ నడుములోతు దాకా వెళ్లొచ్చు, అప్పుడు వెళ్లాం’ అనే మాట నాలుగేళ్ల తర్వాత చెల్లదు. ఇసుక ఏడాదిలోనే అటూ ఇటూ కదులుతుంది. తుపాను అలలు ఒడ్డు ఇసుకను లాక్కెళ్లి లోపల మేటలుగా వేస్తాయి, నెమ్మది అలలు మళ్లీ తెచ్చి పోస్తాయి. దగ్గర్లో కొత్తగా ఒక జెట్టీయో రాతి అడ్డుకట్టో వస్తే ఇసుక వచ్చే వైపు మేట పెరుగుతుంది, రెండోవైపు కోత పడుతుంది. హోటల్ తన గోడ కాపాడుకోవడానికి ఎదురుగా రాళ్లు పేర్చి ఉంటే, అలలు ఆ రాళ్లకు కొట్టుకుని వెనక్కి మళ్లుతూ ముందున్న ఇసుకను తవ్వుకుపోతాయి; హోటల్ మిగులుతుంది, బీచ్ మిగలదు.

దీన్ని ఇంట్లో కూర్చునే కొంతవరకు చూడవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు ఉంటాయి. 2015 నుంచి అందుతున్న సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, వాటిలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లకు సమానం. వేర్వేరు ఏళ్ల చిత్రాల్లో హోటల్ గోడ నుంచి తీరం దాకా కొలిచి పోల్చుకోవాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. 20 మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో, పోటు ఒక మీటరు ఎక్కితే నీటి అంచు 20 మీటర్లు ముందుకొస్తుంది. ఒక చిత్రం పోటులో, ఇంకొకటి ఆటులో తీసి ఉంటే లేని కోత కనిపిస్తుంది. కాబట్టి నీటి అంచును కాదు, మొక్కలూ తీగలూ మొదలయ్యే గీతను కొలవండి. అది రోజువారీ పోటుతో కదలదు. ఉపగ్రహాలతో కొలత మొదలైన 1993 నుంచి ప్రపంచ సముద్ర మట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. ఒక హోటల్ ముందు ఐదేళ్లలో పోయిన ఇసుకకు మాత్రం ఎక్కువసార్లు పక్కనున్న కట్టడమే కారణం.

వెళ్లిన తేదీ అదే అయినా పోటు వేళ అదే కాదు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తేదీ ఒకటైనా తిథి ఒకటి కాదు. పున్నమి మళ్లీ ఇంచుమించు అదే తేదీకి రావడానికి 19 ఏళ్లు పడుతుంది. అప్పట్లో సాయంత్రం ఐదింటికి కనిపించిన విశాలమైన తడి ఇసుక ఈసారి అదే వేళకు మోకాలిలోతు నీళ్ల కింద ఉండవచ్చు. ఒక సులువు ఉంది. అమావాస్యకూ పున్నమికీ ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే పెద్ద పోట్లు ఒకే చోట ఎప్పుడూ ఇంచుమించు ఒకే గంటకు వస్తాయి. ఆ గంట ఏదో చేపలవాళ్లను అడిగితే మిగతా రోజులకు లెక్క మీరే వేసుకోవచ్చు.

నీళ్లలో దిగే ముందు ఒడ్డున పావుగంట ఊరికే నిలబడి చూడండి. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో విరామం ఉంటుంది; రెండు నిమిషాలు చూసి దిగితే ఆ విరామాన్నే చూసినట్టు. అలలు వరసగా విరుగుతుండగా మధ్యలో ఒకచోట నురగ లేకుండా, నీరు ముదురు రంగులో నెమ్మదిగా కనిపిస్తే అదే ప్రమాదం. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది, రిప్ కరెంట్. కుటుంబాలు ఏరికోరి దిగేది సరిగ్గా అక్కడే, అలలు లేవని. మామూలుగా దాని వేగం సెకనుకు అర మీటరు. కొన్నిసార్లు రెండు మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దాన్ని ఎదిరించి రాలేరు. జెట్టీల పక్కన, రాతికట్టల పక్కన ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదాలి. అది కిందికి ముంచదు, దూరం తీసుకెళ్తుంది, మునిగేది అలసిపోయినవాళ్లు. కాపాడటానికి వెంట దూకకండి, తేలే వస్తువేదైనా విసరండి. మూత బిగించిన ఖాళీ పెద్ద నీళ్ల డబ్బా కూడా పనికొస్తుంది.

కోత పడిన ఒడ్డు ఏటవాలుగా మారుతుంది. అక్కడ అల దూరంగా కాక సరిగ్గా అంచులోనే విరిగి మనిషిని తలకిందులుగా ఇసుకకు కొడుతుంది. మెడ విరిగే ప్రమాదాలు మోకాలిలోతులో కూడా జరుగుతాయి. ఏటవాలు ఒడ్డున అలకు వీపు చూపించి నిలబడకూడదు, తలతో దూకకూడదు. ఎరుపు పసుపు జెండాల మధ్యే ఈత. ఎర్ర జెండా ఉంటే దిగడమే వద్దు. ప్రశాంతమైన బీచ్‌లో జెండాలూ ఉండవు, గస్తీవాళ్లూ ఉండరు. అందుకేగా అది ప్రశాంతంగా ఉంది.

నిశ్శబ్దం గురించి కూడా రెండు ముక్కలు. సముద్రం వైపు గది అయితే రోడ్డు చప్పుడు రాదనుకుంటారు. పగలు గాలి నీటి మీదనుంచి నేల మీదికి వీస్తుంది, రాత్రి తిరగబడి నేల మీదనుంచి నీటి వైపు పోతుంది. వెనకనున్న రోడ్డు, జనరేటరు చప్పుళ్లను ఆ గాలే మోసుకొస్తుంది. జనరేటరు ఎక్కడుందో, దాని పొగ గొట్టం ఏ కిటికీ వైపు ఉందో చూసుకుని గది ఎంచుకోండి. చీకటి కూడా నిశ్శబ్దంలో భాగమే. పాత పసుపు బల్బుల స్థానంలో తెల్లని ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు వచ్చిన చోట తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా హోటల్ వైపు నడుస్తాయి. గుడ్డులోంచి వచ్చినవి ఎటు ఎక్కువ వెలుతురుంటే అటు పోతాయి మరి. తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లు దాటిన కాషాయపు కాంతి, మోకాలెత్తులో, పైన మూతతో పెడితే మనుషులకు దారి కనిపిస్తుంది, వాటికి ఇబ్బంది బాగా తగ్గుతుంది.

హోటల్ నడిపేవాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే: గదులను వరసగా తిప్పండి. వచ్చినవాళ్లకు ఎప్పుడూ ముందున్న ఆరు గదులే ఇస్తే వెనక పద్నాలుగూ చస్తాయి. ఎవరూ రాని వారం కూడా ప్రతి గదిలో ఒక మనిషి ఇరవై నిమిషాలు ఉండి కుళాయిలు తిప్పి, ఏసీ వేసి, డ్రెయిన్లలో నీళ్లు పోసి, తాళం, గొళ్లెం కదిపి రావాలి. తాళాలకు నూనె వద్దు, ఇసుకను పట్టేస్తుంది. పొడి లూబ్రికెంటు మేలు.

చివరగా మీకొక విన్నపం. మీ విహార పేజీలో ఏ తీర విడిది గురించి రాసినా, రాసినవాళ్లు అక్కడ దిగిన నెల, సంవత్సరం వేయండి. ఫోటో ఏ తేదీన, పోటులో తీసిందా ఆటులో తీసిందా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఇవ్వండి. ఆ ఒడ్డున గస్తీవాళ్లు ఉన్నారా, దగ్గరి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు అన్నవి ఒక్క పంక్తిలో చేర్చండి. పాత ఫోటోను తేదీ లేకుండా మళ్లీ వాడటం మాత్రం దయచేసి ఆపండి. ఆ ఫోటోలో ఉన్న ఇసుకను నమ్మి పిల్లలను తీసుకుని వెళ్లేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
తీరప్రాంత భవనాల నిర్వహణ పనిలో ఉన్న కొందరు